ఒకే దిక్కు సాక్ష్యం



పెళ్లి ముహూర్తం పెట్టేవాడు రోహిణి, మఖ, స్వాతి అని లెక్కలు వేస్తాడు. నడిసముద్రంలో నావికుడూ ఆ చుక్కలనే చూస్తాడు. మొదటివాడు మన రాత ఏమిటో చెబుతానంటాడు. రెండోవాడు "నేనిప్పుడు ఎక్కడున్నాను?" అని మాత్రమే అడుగుతాడు. వచ్చిన జవాబును పరీక్షిస్తాడు కూడా.

ఎలాగంటే, చీకటి పడీపడని వేళ, చుక్కలూ సముద్రపు అంచూ రెండూ కనిపించే కాసేపట్లో, సెక్స్‌టెంట్‌తో చుక్క ఎత్తు కొలుస్తాడు. ఒక చుక్క పటం మీద ఒక గీతనే ఇస్తుంది. ఓడ ఆ గీత మీద ఎక్కడో ఉంటుంది. రెండో గీత దాన్ని కోసిన చోటు ఓడ ఉన్న చోటు. మూడోది, ఆ మాట నిజమేనా అని చూసుకోవడానికి. మూడూ ఒకే బిందువులో కలవడం అరుదు. చిన్న త్రిభుజం పడుతుంది.

మరి ఏ చుక్కలను ఎంచుకోవాలి? నావికుల పంచాంగంలో పేర్లతో ఎంపిక చేసినవి 57 ఉన్నాయి. బాగా మెరిస్తే చాలదు. మూడూ చుట్టూ మూడు దిక్కుల్లో, దాదాపు 120 డిగ్రీల ఎడంతో ఉండాలి.

ఎందుకు? పరికరంలో డిగ్రీలో 60వ వంతు తప్పుంటే ప్రతి గీతా ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు జరుగుతుంది. చుక్కలు చుట్టూ ఉంటే ఆ తప్పు మూడు వైపులా సర్దుకుని, ఓడ త్రిభుజం మధ్యలోనే ఉంటుంది. చుక్కలన్నీ ఒకే వైపు ఉంటే గీతలన్నీ ఒకే వైపు జరుగుతాయి. త్రిభుజం ముచ్చటగా, చిన్నగా కనిపిస్తుంది. ఓడ మాత్రం దాని బయట ఉంటుంది. నావికుడు ధైర్యంగా రాళ్ల మీదికి పోతాడు.

ఇప్పుడు మన ఇంటికి రండి. ముహూర్తాలు మానేశాం, మంచిదే. కానీ అమ్మాయి పెళ్లి మాట వస్తే ఎవరిని అడుగుతున్నాం? తండ్రిని, బాబాయిని, మేనమామను. ముగ్గురిదీ ఒకే మాట. "ఇంతమంది చెప్పాక ఇంకేముంది" అంటాం. ముగ్గురూ ఒకే దిక్కున నిలబడ్డారని గమనించం. అమ్మాయిని అడిగామా? సంఘంలోనూ అంతే. మనకు నచ్చిన నలుగురూ ఒప్పుకుంటే అది సత్యమైపోదు.

అన్ని దిక్కులూ చూడమంటే అబద్ధాన్నీ లెక్కలో వేసుకోమని కాదు. మబ్బులో ఏదో తేలని చుక్కను నావికుడు వదిలేస్తాడు. పదేపదే విన్నామనో, మన గురువు చెప్పాడనో నమ్మవద్దని బుద్ధుడు కాలాములకు చెప్పింది పక్కవాళ్ల గురించే కాదు, మన గురించి కూడా.

ఈ రాత్రి పడుకునే ముందు ఆలోచించండి: మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగని మనిషి ఎవరు?