ధౌలిలో చెక్కని మాట

కళింగ యుద్ధం గురించి మనకు తెలిసిందంతా దాదాపు గెలిచినవాడు చెప్పిందే. క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో 1,00,000 మంది హతులయ్యారని, 1,50,000 మందిని బందీలుగా తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత చనిపోయారని అశోకుడే 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. అందుకు కుమిలిపోతున్నానని కూడా రాయించాడు. గెలిచిన రాజు తన గెలుపునే తప్పుగా ఒప్పుకోవడం చరిత్రలో అరుదు. ఆ మాట మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది, ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, కాందహార్‌లో గ్రీకు భాషలో సైతం ఉంది. కళింగలో మాత్రం లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ, గంజాం జిల్లా జౌగడలోనూ 11, 12, 13 శాసనాలను వదిలేసి, వాటికి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించారు. ఎవరి చావుకు బాధపడ్డాడో వాళ్ల అయినవాళ్లకు తప్ప తక్కిన లోకానికంతా వినిపించిన పశ్చాత్తాపాన్ని ధర్మం అనాలా, రాజనీతి అనాలా?

ధౌలి శాసనాల్లో రాజు మనుషులంతా తన బిడ్డలేనంటాడు. మాట ప్రేమగానే ఉంది, కాదనను. కానీ తండ్రి ఎక్కడైనా పిల్లలకు లెక్క అప్పజెబుతాడా? ఓడినవాళ్లను బిడ్డలుగా కలుపుకున్నాక వాళ్లు ఇక ఫిర్యాదు చేసే పక్షంగా మిగలరు. ఐక్యత పేరుతో పాలకులు ఇప్పటికీ ఇదే చేస్తారు. అంతా ఒకే కుటుంబం అన్నాక, పాత గాయం సంగతి ఎత్తినవాడే ఇల్లు చీల్చేవాడవుతాడు. పశ్చాత్తాపం చెక్కిన 13వ శాసనంలోనే అడవి జనాలకు ఒక హెచ్చరికా ఉంది: బాధలో ఉన్నా రాజుకు బలం తగ్గలేదని, దారికి రాకపోతే ప్రాణాలకు ముప్పని. కుమిలిపోయే గొంతూ బెదిరించే గొంతూ ఒక్కటే.

కళింగులకు వాళ్ల చావుల లెక్క వాళ్ల ఊళ్లోనే చెక్కి చూపడం పుండు మీద కారం చల్లడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. బలమైన వాదనే. రాజ్యం నిలవాలంటే ఆ మౌనమే తెలివైన పని కూడా కావచ్చు. అయితే అది తెలివి అవుతుంది, అంతే. వినాలో వద్దో తేల్చుకోవలసింది దెబ్బ తిన్నవాళ్లు. వాళ్ల తరఫున దెబ్బ కొట్టినవాడే తేల్చేస్తే, ఆ పశ్చాత్తాపం అతని సొంత ప్రతిష్ఠకే పనికొస్తుంది.

ఇంకో ఆక్షేపణ దీనికంటే గట్టిది: పాలకుడి ప్రతి మాటా వ్యూహమే అయినప్పుడు అందులో ధర్మం వెతకడం దేనికని. రాజు మనసులో ఏముందో మనకెలాగూ అందదు. అందేది ఆ మాట ఎవరి చేతులు కట్టేసిందన్నది. ఈ లెక్కన చూస్తే ధౌలి రాయి అంత తీసిపారేయదగింది కాదు. ఎవరినీ అకారణంగా బంధించకూడదని, హింసించకూడదని అది అక్కడి అధికారులను ఆదేశిస్తుంది. ఆ పని సరిగా జరుగుతోందో లేదో చూడటానికి ఐదేళ్లకోసారి ఒక అధికారిని పంపుతానంటుంది. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం ఉన్న రోజున చదివి వినిపించాలని, ఆ రోజుల మధ్యలో కూడా, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలని చెబుతుంది. నా దృష్టిలో 13వ శాసనంలోని కన్నీటి కంటే ఈ పొడి ఆదేశానికే నైతికమైన బరువు ఎక్కువ. అది విన్న కళింగుడు తనను ఊరికే కట్టేసిన అధికారిని ఆ మాట పట్టుకునే నిలదీయగలడు. బందీగా తరలిపోయిన తమ్ముడి గురించి రాజునే అడగాలంటే మాత్రం, చదివి వినిపించినదాంట్లో అతనికి ఆధారమేమీ దొరకదు.