తౌబాకు ఓ తోడు



మద్యం హరామ్ అన్న సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది షైతాను చేష్ట అనీ, మనుషుల మధ్య ద్వేషం రగిలిస్తుందనీ, దైవస్మరణకూ నమాజుకూ దూరం చేస్తుందనీ అల్ మాయిదా సూరాలో అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు. మరి హరామ్ అని తెలిసీ మానలేక కుమిలిపోతున్న వారి మాటేమిటి? ఈ నెల మేము వారిని గురించే రాస్తున్నాము.

జగ్గయ్యపేట ప్రాంతంలోని ఒక మస్జిదులో ఇషా నమాజు తర్వాత ఒక సోదరుడు మా దగ్గర కూర్చున్నాడు. వేదాద్రి వైపు కృష్ణ ఒడ్డు పల్లె ఆయనది. సిమెంటు లారీ నడుపుతాడు.

“మౌల్వీ సాబ్! తాగినవాడి నమాజు నలభై రోజులు కబూల్ కాదంటారు కదా, ఇక నేను మస్జిదుకు రావడమెందుకు? ప్రతి రంజానులో మానేస్తాను. పండగైన వారానికే మళ్లీ మొదలు” అన్నాడు.

ఆ హదీసుకు అర్థం నమాజు మానేయమని కాదు. ప్రతిఫలం పోతుందే గాని విధి తొలగిపోదని ధర్మపండితులు వివరించారు. తౌబా చేస్తే అల్లాహ్ స్వీకరిస్తాడన్న శుభవార్త కూడా ఆ హదీసులోనే ఉంది. ఈ మాటే చెప్పి, తౌబా చేయమన్నాము. “ఎన్నోసార్లు చేశాను మౌల్వీ సాబ్” అన్నాడాయన. ఆ రాత్రి మా దగ్గర అంతకు మించి జవాబు లేదు.

జవాబు మనకు తెలిసిన హదీసులోనే ఉంది. పూర్వం ఒకడు తొంభై తొమ్మిది మందిని చంపాడు. తనకు తౌబా ఉందా అని ఒక సన్యాసిని అడిగితే, లేదన్నాడు. అతణ్ణీ చంపి నూరు పూర్తి చేశాడు. తర్వాత ఒక పండితుణ్ణి అడిగాడు. ఆ పండితుడు తౌబా ద్వారం తెరిచే ఉందన్నాడు. అంతటితో ఆగలేదు. ఫలానా ఊళ్లో అల్లాహ్‌ను ఆరాధించేవారున్నారు, వెళ్లి వారితో కలిసి ఆరాధించు, నీ ఊరు చెడ్డది, తిరిగి రావద్దన్నాడు. దారిలోనే అతనికి మరణం వచ్చింది. మంచి ఊరికి జానెడు దగ్గరగా ఉన్నాడని అతనికి క్షమాభిక్ష లభించింది.

చూశారా! తౌబా చేయమని చెప్పడం సగం పని. తౌబా మీద నిలబెట్టే సహవాసం చూపించడం మిగతా సగం.

మద్యం మానాలనుకునేవారికి అలాంటి సహవాసం ఇప్పుడూ ఉంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, అందులో ఒకరు డాక్టరు, ఒకరికొకరు తోడుగా నిలిచి మానేశారు. అలా మొదలైనదే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1957లో మన దేశానికి వచ్చింది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటి చాలు. ఇంటిపేరు, ఊరు అడగరు. ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పుకుంటారు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందామనుకుంటారు. కుటుంబ సభ్యుల కోసం అల్ అనాన్ అనే సమావేశాలు వేరుగా ఉన్నాయి.

ఆ సోదరుడికి రెండు సందేహాలు వచ్చాయి. మొదటిది: అల్లాహ్ కప్పి ఉంచిన పాపాన్ని నలుగురిలో చెప్పుకోవచ్చా? దైవప్రవక్త (సఅసం) మందలించింది రాత్రి చేసిన పాపాన్ని తెల్లవారి సిగ్గు లేకుండా చాటుకునేవాణ్ణి. మందు కోసం వైద్యుడికి రోగం చెప్పుకోవడం చాటింపు కాదు. ఆ నూరు హత్యలవాడు కూడా దారి కోసం తన పాపం చెప్పుకున్నాడు కదా! అవసరమైనంతే చెప్పాలి, ఇతరుల రహస్యం ఆ గదిలోనే వదిలిరావాలి.

రెండవది: అక్కడ ఇతర మతస్థులుంటారే! ఆ సంస్థ ఏ మతానికీ చెందినది కాదు. దైవాన్ని ఎవరి విశ్వాసం ప్రకారం వారు తలచుకోవచ్చు. మనం అల్లాహ్‌నే వేడుకుందాం, మన నమాజును వదలకుండా ఉందాం.

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్సు, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. కనుక ముందు డాక్టరుకు చూపించాలి. అన్నంలో తెలియకుండా మందు కలపడం ప్రమాదం, అమ్మలారా, ఆ పని చేయకండి. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చికిత్స ఎక్కడ దొరుకుతుందో అడగవచ్చు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్యులను అడిగితే దగ్గరలోని సమావేశాల వివరం కూడా తెలియవచ్చు. విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాల్లో అవి జరుగుతాయి.

మస్జిదు పెద్దలకు ఒక మనవి. మద్యం తాగి పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించబోతే, దైవప్రవక్త (సఅసం) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందన్నారు. మనం మొహం తిప్పుకుంటే ఆ సోదరుడు వెళ్లేది మళ్లీ మద్యం దుకాణానికే. తౌబా లేదన్న ఆ సన్యాసిలా మనం కారాదు.

మా సోదరుడు వైద్యం చేయించుకుని, వారానికోసారి విజయవాడ బస్సెక్కుతున్నాడు. రెండుసార్లు జారాడు, మళ్లీ వెళ్లాడు. ఇప్పుడు ఫజ్ర్‌లో చివరి వరసలో కనిపిస్తున్నాడు. దారిలో ఉన్నాడు. అల్లాహ్ కారుణ్యం ఆ దారిలోనివారిని కూడా చేరుకుంటుంది.

అల్లాహ్ మన ఇళ్లను ఈ కీడు నుంచి కాపాడుగాక! తిరిగి వచ్చేవారికి తోడుగా నిలిచే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.