ముందు బరువు దించాలి

పాత కారు వెనక నుంచి టక్కుమని చప్పుడొస్తే చాలామంది మొదట డిక్కీలో వెతుకుతారు. స్టెప్నీ కదులుతోందేమో, జాకీ దొర్లుతోందేమో అని. అక్కడేమీ దొరకదు. గతుకులో దిగినప్పుడూ, క్లచ్ వదిలినప్పుడూ మళ్లీ అదే చప్పుడు.

కారు కింద దూరి చూస్తే సంగతి తెలుస్తుంది. వెనక సస్పెన్షన్‌నూ డిఫరెన్షియల్‌నూ మోసే ఇనుప చట్రాన్ని సబ్‌ఫ్రేమ్ అంటారు. 2000 ప్రాంతపు బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఈ46 కార్లలో అది నాలుగు రబ్బరు బుష్‌ల మీదుగా బాడీకి బిగించి ఉంటుంది. రెండు ఇనుప భాగాల మధ్య నలుగుతూ, రోడ్డు అదురు లోపల కూర్చున్నవాళ్ల దాకా రాకుండా చూడటమే ఆ బుష్‌ల పని. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండిపోతుంది, పగులుతుంది. అలాగే వదిలేస్తే ఆ కార్లలో బోల్టు పట్టుకునే చోట బాడీ రేకు కూడా పగుళ్లివ్వవచ్చు.

నేస్తమా, మీ ఇంట్లో ఆ బుష్ చోటు మీదేనా? పెద్దవాళ్ల పట్టుదలకూ పిల్లల మొండితనానికీ మధ్య, ఆఫీసు ఒత్తిడికీ ఇంటి అప్పుకూ మధ్య నలుగుతున్నది మీరేనా? ఈమధ్య చిన్న మాటకే విసుక్కుని, ఆనక "నాలో విశ్వాసం తగ్గిపోయింది" అని కుమిలిపోతున్నారా? మోసి మోసి అలిసిపోయారు, అంతే. ఆ సంగతి దేవునికి తెలుసు.

ఇంటి దగ్గర ఈ బుష్‌లు మార్చేవాళ్లు ముందు కారు ఎత్తి, బాడీ కింద గట్టి స్టాండ్లు పెడతారు. సబ్‌ఫ్రేమ్‌కి జాకీ ఆనించాకే బోల్టులు విప్పి, బ్రేకు పైపులు లాక్కుపోకుండా చూసుకుంటూ మెల్లగా దించుతారు. అప్పుడు పుల్లర్ బిగించి పాత బుష్ బయటికి తీస్తారు. తుప్పు గీకి, సబ్బునీళ్లు రాసి, సరైన వైపు తిప్పి కొత్తది ఎక్కిస్తారు. బరువు మీదుండగా ఏ బుష్షూ మారదు.

ప్రభువు మనల్ని బాగుచేసే తీరూ అదే. అలసినవాళ్లను యేసు పిలిచింది విశ్రాంతి ఇవ్వడానికే, ఇంకొంచెం మొయ్యమని చెప్పడానికి కాదు. ఒక్క రాత్రి చింత దించి పడుకుంటే మీ ఇల్లు కూలిపోదు. ఆ ఇంటిని పట్టుకున్న చేతులు ఆయనవి.

కొందరు రబ్బరే వద్దని అల్యూమినియం బుష్‌లు వేస్తారు. అవి నలగవు. కానీ ప్రతి అదురూ, డిఫరెన్షియల్ గోలా నేరుగా లోపలికొస్తాయి. రేసు కారుకు అది చెల్లుతుంది, ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు చెల్లదు. "ఇక ఎవరినీ పట్టించుకోను" అని మనసు బిగించుకోవాలనిపించినప్పుడు ఇది తలచుకోండి. మిమ్మల్ని మొద్దుబార్చడం దేవుని ఉద్దేశం కాదు. మెత్తదనం పోకుండానే మీకు కొత్త బలం ఇవ్వగలడు.

ఈరోజు మిమ్మల్ని ఎక్కువగా నలుపుతున్న విషయం ఒక్కటి ఎంచుకుని, పేరు పెట్టి ప్రభువుకు చెప్పండి. ఇంట్లో ఒకరిని పిలిచి "ఈ పని ఇవాళ నువ్వు చూసుకో" అని అడగండి. సాయం అడగడం అవిశ్వాసం కాదు. రాత్రి మత్తయి సువార్త 6వ అధ్యాయం చివరి భాగం చదవండి. ఫోను పక్కన పెట్టి, రేపటి సంగతి ఆయనకు వదిలి నిద్రపోండి.