ఇరువురు సాక్షులు

తెనాలి కోర్టులలో చిరకాలము వకాలతు నెరపి, రేపల్లె బండిలో ఉదయము పోయి సాయంకాలము వచ్చుటయే దినచర్యగా గడపి, తుదకు వేమూరులోని తన పెంకుటింట విశ్రాంతి గైకొన్న ప్లీడరుగారొకరును, ఆ గ్రామముననే స్థిరపడిన విశ్రాంత తెలుగు పండితులొకరును, ఆంధ్రరాష్ట్ర మవతరించిన మరుసటి యేట, మినుము నూర్పిళ్ళు సాగుచున్న దినములలో, ఒక సాయంకాలము వీథియరుగుపై కూర్చుండి సలిపిన సంభాషణ యిది. వారి పేళ్ళతో పాఠకులకు పనిలేదు. ఇరువురును పట్టుదల గలవారు. ఒకరి మాట ఒకరు పూర్తిగా వినెడివారు. ఈ రెండు గుణములును ఒక్కచోట నుండుట అరుదు గనుకనే దీనిని వ్రాసి యుంచితిని.

ప్రసంగమునకు మూలము త్రిపురనేని రామస్వామి చౌదరిగారి ‘ఖూనీ’ నాటకము. తెనాలి సూతాశ్రమమున వసించిన ఆ కవి డబ్లిన్ నగరమున న్యాయశాస్త్ర మభ్యసించి వచ్చినవాడగుటచే, పురాణములలో ఋషులు వేనరాజును సంహరించిన కథను పుణ్యకార్యముగా గాక హత్యగా చిత్రించెను. పంతులుగారు దానిని ఆ మధ్యాహ్నమే మరల చదివి యుండిరి.

“ప్లీడరుగారూ, వేనుడు దుష్టుడా శిష్టుడా యను చర్చ యటుంచుడు. ఋషులు హుంకరించిరి, రాజు కూలెను. అభియోగపత్రము లేదు, సాక్షి లేడు, సమాధానము చెప్పుకొనుమని యడిగినవాడు లేడు. దీనిని త్రిప్పి చూచినను అంతియే గదా! ఫలానివాడు నన్ను చంపజూచెనని రాజే ఆరోపించినప్పుడు విచారించువాడెవడు? రాజు నియమించినవాడు. ఫిర్యాది యొడిలో కూర్చుండిన న్యాయాధిపతి నోట న్యాయమెట్లు వెలువడును? రాజద్రోహ విచారణ యనునది శిక్షకు ముందు చేయు తంతు మాత్రమేయని నా యభిప్రాయము.”

ప్లీడరుగారు లోనికి పోయి, తోలు అట్ట యెండి పొరలు పొరలుగా రాలుచు, అంచులయందు పురుగు తొలిచిన దారులతో నున్న యొక బరువైన సంపుటమును తెచ్చిరి. హోవెల్ కూర్చిన రాజద్రోహాది విచారణల సంపుటములలో అదియొకటి. మిగిలినవి ఏ వేలములోనో విడిపోయి, ఇది యొక్కటియే వారికి దక్కినదట.

“తంతు అనుటకు తొందరపడవలదు, పంతులుగారూ. ఇంగ్లండులో మూడవ ఎడ్వర్డు రాజు 1351లో చేసిన శాసనము ప్రకారము రాజు మరణమును మనస్సున తలపోయుటయే ద్రోహము. తలపును చూచినవాడు లేడు గనుక, ఆ తలపును బయటపెట్టిన చేష్ట యొకటి కనబడవలెనని కూడ అదే శాసనము చెప్పినది. ఎనిమిదవ హెన్రీ 1534లో మాటను సైతము ద్రోహముగా చేసెను. మరుసటి యేట సర్ థామస్ మోర్ తల తెగుటకు రిచర్డ్ రిచ్ అను ఒక్కని సాక్ష్యము చాలినది. ఇక వాల్టర్ రాలీ సంగతి వినుడు. 1603 నవంబరు 17. లండనులో మహామారి యుండుటచే కోర్టు వించెస్టరునకు మారినది. క్రొత్తరాజు జేమ్సును త్రోసి, స్పెయిను ధనముతో అరబెల్లా స్టువర్టును సింహాసన మెక్కింపజూచెనని అభియోగము. సాక్షి యొక్కడే, కోబమ్ ప్రభువు. అతడును కోర్టునకు రాలేదు, కాగితము వచ్చినది. అదే యూరిలో బందీగా నున్న ఆ మనిషిని తెచ్చి నా యెదుట నిలబెట్టుడు, నా మొగము చూచి ఆ మాట చెప్పినచో మరి వాదింపనని రాలీ పలుమారులు ప్రాధేయపడెను. ఒప్పుకొనరైరి. అతని పక్షమున వకీలు లేడు, ఉండగూడదు. ప్రభుత్వపక్షమున అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్, ముద్దాయిని విషసర్పమని తిట్టుచు వాదించెను. జూరీ పావుగంటలో దోషియనెను.”

“నేను చెప్పినదానికి మీరే సాక్ష్యము పలికితిరి,” అని పంతులుగారు నవ్విరి.

“తరువాతి కథ వినక నవ్వవలదు. ఆ కోక్ తదనంతరము ప్రధాన న్యాయమూర్తియై, రాజునకు లొంగక 1616లో పదవి పోగొట్టుకొని, 1621 చివర తానే లండన్ టవరులో బందీయయ్యెను. మరణశయ్యపై నుండగా రాజభటులు వచ్చి అతని కాగితములను మూటగట్టి కొనిపోయిరి. ఆ కాగితములలో ద్రోహమును గూర్చి యతడు వ్రాసిన గ్రంథము 1644లో అచ్చైనది. అందేమున్నది? ఇరువురు సాక్షులు లేనిదే ద్రోహము నిరూపితము కాదని యున్నది! రాలీకి నిరాకరించిన దానిని కోక్ తన వార్ధకమున లోకమునకు ధర్మముగా ప్రకటించెను.”

“పశ్చాత్తాపమందురా?”

“అనను. ఇనుపతలుపునకు ఇటువైపు నుండియు అటువైపు నుండియు చూచినవాడని యందును. ఆ శతాబ్దమంతయు అట్లే నడచినది. 1649 జనవరిలో ప్రజలు రాజునే ద్రోహియని బోనెక్కించిరి. ఏ యధికారముచే నన్ను విచారించుచున్నారో చెప్పుడని మొదటి చార్లెసు అడిగి, సమాధానము చెప్పుటకు నిరాకరించెను. మీ ఋషులు వేనుని అడుగనే లేదు, వీరు అడిగినను రాజు పలుకలేదు, భేద మంతయే. ఆ నెల 30న తల తెగినది. పదకొండేండ్లకు రాజకుమారుడు తిరిగి వచ్చి, నాడు అభియోగము నడపిన జాన్ కుక్‌ను ద్రోహిగా ఖండఖండములు గావించెను. 1683లో ఆల్జర్నన్ సిడ్నీ వంతు. అప్పటికి ఇరువురు సాక్షులు కావలెనను నియమ మున్నది, దొరికినవాడు మాత్ర మొక్కడే. ప్రధాన న్యాయమూర్తి జెఫ్రీసు ఏమి చేసెనో యెరుగుదురా? సిడ్నీ తన గదిలో వ్రాసుకొని ఎవరికిని చూపని చేవ్రాత ప్రతి నొకదానిని రెండవ సాక్షిగా నిలబెట్టెను! ఐదేండ్లు తిరుగునప్పటికి ప్రభుత్వము తలక్రిందులైనది. జెఫ్రీసు నావికుని వేషములో పారిపోజూచి రేవున పట్టుబడి, టవరులోనే ప్రాణము విడిచెను. సిడ్నీపై తీర్పును పార్లమెంటు 1689లో రద్దుచేసినది. ఇట్లు ఒక్కొక్క పక్షమును వంతులవారిగా కత్తిపిడిని పట్టి, వంతులవారిగా కత్తి క్రింద మెడ పెట్టిన పిమ్మట, 1696లో ఒక చట్టము చేసికొనిరి. అభియోగపత్రము నకలు విచారణకు ఐదు దినములు ముందుగా ముద్దాయికి అందవలెను; వకీలును పెట్టుకొననీయవలెను; అతని సాక్షులును ప్రమాణము చేసి చెప్పవలెను; ద్రోహమునకు సాక్షు లిరువురుండవలెను.”

పంతులుగారు కొంతసేపు మాటాడక, “చట్టము మంచిదే. కాని దాని పుట్టుక నాకు రుచింపలేదు. రేపు నా మెడకు వచ్చునను భయముచే నేడు పరుని మెడను విడుచుట ధర్మమెట్లగును? అది బేరము. ధర్మమనునది తనకు వచ్చు లాభనష్టములతో నిమిత్తము లేక నిలువవలెను,” అనిరి.

“బేరమే. నేను కాదనను. బేరమని చూపుటకు మీకొక ఋజువును గూడ ఇత్తును. ఆ చట్టమువలన వకీలును పొందినవాడు ద్రోహాభియోగమునకు గురియైనవాడు మాత్రమే. గుఱ్ఱమును దొంగిలించినవాడును ఉరికంబ మెక్కవలసినవాడే, కాని వాని పక్షమున వకీలు జూరీ యెదుట నిలిచి సంపూర్ణముగా వాదించు హక్కు 1836 వరకు రాలేదు. నూట నలువదేండ్ల యంతరము! ఏల? పార్లమెంటులో కూర్చున్న ప్రభువులకు తామొకనాడు ద్రోహులుగా బోనెక్కుదుమను భయమున్నది. గుఱ్ఱపుదొంగలుగా ఎక్కుదుమను భయము లేదు. అయినను పంతులుగారూ, బురదలో పుట్టినదని తామరను పూజకు మానితిమా?”

“తామర సంగతి సరే, ఆ బురద యెండిపోయిన చోట తామర పుట్టునా యని నా ప్రశ్న. వంతు వచ్చునను భయమే న్యాయమునకు మూలమైనచో, వంతు ఎన్నటికిని రాని పాలకుడు న్యాయమును ఏల పాటించును?”

ఇక్కడ ప్లీడరుగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆ ప్రశ్న వారి వాదమునకు మర్మస్థానము. దానిని దెబ్బ తిన్నవారును గుర్తించిరి, కొట్టినవారును గుర్తించిరి. చివరకు వారే యొప్పుకొని ఇట్లనిరి:

“పాటింపడు. దానికి నిదర్శనము మన దేశమే. ఇంగ్లీషువాడు తన చట్టములన్నియు ఓడ కెక్కించి తెచ్చినాడనుకొందుము. ఇరువురు సాక్షుల నియమమును మాత్రము రేవునందే దించి వచ్చెను. పీనల్ కోడు 121వ సెక్షను క్రింద రాణిపై యుద్ధము చేసినవానికి మరణశిక్ష కలదు. 1872 నాటి సాక్ష్యచట్టము 134వ సెక్షను చూతుము గదా, ఏ విషయమును నిరూపించుటకైనను ఇందరు సాక్షులని నియమము లేదు! ఇంటివద్ద తన ప్రభువును ఉరితీయుటకు ఇరువురు కావలెను, ఇచ్చట రైతును ఉరితీయుటకు ఒక్కడు చాలును. 1870లో రాజద్రోహపు సెక్షను 124ఎ చేర్చిన పిమ్మట ఆ యొక్కడును అక్కరలేకపోయెను, అచ్చుకాగితమే సాక్షి. బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రికను నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని 1908లో, తిరునెల్వేలి కాల్పులను గర్హించిన వ్యాసమునకై ఈ సెక్షను క్రిందనే విచారించి, తుదకు మూడేండ్ల కఠినశిక్ష వేసి వేలూరు జైలునకు పంపిరి. జెఫ్రీసు సిడ్నీ చేవ్రాతను సాక్షిగా నిలబెట్టుట ఇంగ్లండులో సిగ్గుచేటని తీర్మానమైన రెండువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట, కృష్ణాతీరమున అదియే న్యాయమైనది. అదే యేట బొంబాయిలో తిలకుగారిని తొమ్మండుగురు జూరీలలో ఏడుగురు దోషియనిరి, ఇద్దరు కాదనిరి, ఆరేండ్లు మాండలే.”

“కొయ్యూరులో అల్లూరి సీతారామరాజునకు ఒక్క సాక్షియైన అవసరమాయెనా? 1924 మే 7న పట్టుకొనిరి, కాల్చిరి. అది వేనుని కథ. హుంకారమునకు బదులు తుపాకి.”

“అవును. విచారణ యనునది తంతు మాత్రమేయని మీరు మొదట అనిన మాటకు నా సమాధానమును అచ్చటనే యున్నది. తంతు మాత్రమే యైనచో కొయ్యూరులో దానిని మానవలసిన పనియేమి? బోనెక్కిన రాజు మాటాడును, మన్యమువాడును మాటాడును. ఆ మాట నలుగురి చెవిని బడును. రాలీ ఓడిపోయెను గాని, నాటి ఉదయము అతనిని ద్వేషించినవారు సాయంకాలమునకు అతని పక్షము వహించిరని ప్రతీతి. ఆ భయమున్న చోట విచారణనే తప్పింతురు.”

ఈ సమాధానము నాకు పూర్తిగా తృప్తినీయలేదని వ్రాయక తప్పదు. మాటాడనిచ్చుట వేరు, మాటను లెక్కించుట వేరు. పంతులుగారు మాత్రము దానిని అంగీకరించి, విల్లును మరియొక వైపునకు త్రిప్పిరి.

“సరే, ఇప్పుడు వంతు మనకు వచ్చినది. వేలూరు జైలును చూచినవారును, రాజమండ్రి జైలును చూచినవారును మంత్రులైరి. కోక్ వలె వీరును ఇనుపతలుపును రెండువైపుల నుండియు చూచినవారే గదా. 124ఎ ఏమైనది?”

“రాజ్యాంగపు చిత్తులో వాక్స్వాతంత్ర్యమునకు మినహాయింపుగా రాజద్రోహము కూడ నుండెను, 1948 డిసెంబరులో దానిని తొలగించిరి. పీనల్ కోడులో మాత్రము సెక్షను చెక్కుచెదరలేదు. మీ రడుగదలచినది ఇంతకంటె పెద్దదని యెరుగుదును. నల్లగొండ సంగతి గదా?”

“మీరే చెప్పుడు.”

“తెలంగాణా సాయుధపోరాటమున పట్టుబడిన పన్నెండుగురికి హైదరాబాదులోని ప్రత్యేక ట్రిబ్యునళ్ళు 1949లో మరణశిక్ష విధించినవి. పేరునకు హత్యాభియోగములే, వెనుక నున్నది తిరుగుబాటు. హైకోర్టు డిసెంబరులో ఖాయపరచినది. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. సుప్రీంకోర్టునకు పోగా, అప్పటికే ముగిసిపోయిన తీర్పులపై అప్పీలు లేదనిరి. వకీలును పెట్టుకొను నవకాశము మాకు సరిగా నీయలేదని మరల మొరపెట్టుకొనగా, వకీలు లేనంత మాత్రమున విచారణ చెల్లకపోదని 1951లో తీర్పైనది. వారి పక్షమున వాదించినవాడెవరో తెలియునా? డి.ఎన్. ప్రిట్ అను ఆంగ్లేయ బారిష్టరు. ఆంగ్లేయుడు తెచ్చుట మరచిన నియమమును మరియొక ఆంగ్లేయుడు విమాన మెక్కించి తెచ్చెను గాని, అప్పటికి కాలము మించినది.”

ఇట్లని ఆ పురాతన సంపుటమును తెరచి, ఒక చోట వ్రేలు పెట్టి, “సర్ విలియమ్ పార్కిన్సు. మూడవ విలియమును చంపజూచెనని అభియోగము. 1696 మార్చి 24న విచారణ. నాకు వకీలు నిప్పింపుడు, చట్టమైనది గదా యని యడిగెను. ప్రధాన న్యాయమూర్తి హోల్టు, జెఫ్రీసు వంటివాడు కాడు, మంచివాడు, ఆ చట్టము మార్చి 25 నుండి గదా అమలులోనికి వచ్చునది, నేటి చట్టము ప్రకారమే మేము నడచుకొనవలెననెను. ఏప్రిలు 3న ప్రాణము తీసిరి,” అనిరి.

“పార్కిన్సునకు ఒక్క దినము, నల్లగొండవారికి ఆరు వారములు,” అని పంతులుగారు వ్రేళ్ళు మడచి లెక్కించిరి. “అయినను వీరి మరణశిక్షలు యావజ్జీవముగా మారినవి గదా.”

“మారినవి; సంతోషమే. రాలీ శిక్షయు అట్లే ఆగినది. పదునైదేండ్లకు స్పెయిను రాయబారి కోపించినప్పుడు, క్రొత్త విచారణ యేమియు లేక, వించెస్టరులోని ఆ పాత తీర్పునే బయటికి దీసి, 1618 అక్టోబరు 29న తల నరికిరి. క్షమించువాడు తీర్పును ముట్టుకొనడు, దాచి యుంచును. ప్రిట్ కోరినది క్షమ గాదు.”

“మొన్నటి ఎన్నికలలో నల్లగొండనుండి ఆ పోరాటపు పక్షమువారే యైన రావి నారాయణరెడ్డిగారు గెలిచి లోక్‌సభకు పోయిరి. వంతు వారికిని వచ్చుచున్నట్లే గదా? మీ సిద్ధాంతము నిజమైనచో, ఆ పక్షమువారు అధికారమునకు వచ్చిననాడు 124ఎను చింపివేయవలెను.”

ప్లీడరుగారు పుస్తకమును మూసి, అట్టనుండి రాలిన తోలుపొడిని ఉత్తరీయముతో తుడుచుచు, “ఓట్లు వచ్చినవి, వంతు ఇంకను రాలేదు. వచ్చిననాడు వారును దానిని చింపుదురని నేను పందెము కట్టను. సిడ్నీ పక్షమువారు 1696 చట్టము చేసిన యేడాదిలోనే, ఫెన్విక్ అనువానిపై రెండవ సాక్షి దొరకకపోగా, కోర్టును విడిచి పార్లమెంటులో ఓట్లు వేసి యతని తల తీయించిరి. అది జరిగినది 1697 జనవరిలో, చట్టపు సిరా ఇంకను తడియారలేదు,” అనిరి.

“అయితే వంతు సిద్ధాంతమును మీరును నమ్మరన్నమాట.”

“సగమే నమ్ముదును. రెండవ సాక్షి లేడని ఫెన్విక్కును కోర్టులో చంపలేకపోయిరి గదా, ఆ సగము.”