వెలియు సత్యాగ్రహమును

అన్యాయమైన శాసనమును ధిక్కరించుట ధర్మమా యను ప్రశ్న నేఁడు అంత కష్టమైనది కాదు. ధిక్కరించువాఁడు దాఁగక, ఎదిరిని కొట్టక, శిక్షను తానే యనుభవించినచో వానిని తప్పుపట్టువారు అరుదు. కష్టమైన ప్రశ్న వేఱొకటి కలదు.

తనకల్లు, కదిరి ప్రాంతముల మెట్టరైతునకు అడవియు సేద్యములోని భాగమే. నాగలికి కఱ్ఱ, పొలమునకు ఆకుటెరువు, వాన తప్పిన యేట పశువులకు గడ్డి గుట్టలనుండి రావలసినవే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము అట్టి గుట్టలను రిజర్వు చేయు నధికారమును సర్కారున కిచ్చెను. మేపినవాఁడు పుల్లరి చెల్లింపవలసియుండెను. చెల్లింపనివాని పశువులు బందెలదొడ్డికిఁ బోయెడివి. ఈ బాధ గుంటూరు జిల్లా పల్నాటిలో 1921వ సంవత్సరమునఁ బైకి పొంగెను. రైతులు పుల్లరి ఇయ్యమనిరి. అంతటితో నాఁగక, సర్కారు ఉద్యోగులకు చాకలి, మంగలి పనులను మాన్పించిరి, సరకులు అమ్మరైరి.

సోదరులారా, వెలి యన నేమో సంస్కరణపక్షమువారికి ఒకరు నేర్పనక్కఱలేదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించినపుడు, తోడ్పడినవారిపై ప్రయోగింపఁబడిన యాయుధ మిదియే గదా! నాఁడు దానిని క్రూరమన్నవారము పల్నాటిలో దానిని అహింస యనుట యెట్లు?

నాఁటి వెలి మనస్సాక్షి నణఁచుటకు, పల్నాటి వెలి దౌర్జన్యము నాపుటకు అని కొందఱందురు. ఉద్దేశములలో భేదము నిజమే. కాని దెబ్బ తగిలిన దెవ్వరికి? చట్టము చేసినవారు చెన్నపట్టణమున నుండిరి. ఊరిలో నున్నవాఁడు స్వల్పజీతపు గార్డు, వాని యాలుబిడ్డలు. ఇంకొక మాట. పని మానిన చాకలి, మంగలి తమంతటఁ దామే మానిరా, పెద్దల యాజ్ఞకు వెఱచి మానిరా? వెఱచి మానినచో త్యాగమను పేరు వారికి రాదు. కూలి పోయినది మాత్రము వారిదే. అడవిపై హక్కును గూర్చి గట్టిగా వాదించు భూస్వాములు ఈ ప్రశ్న నడుగుట నేనంతగా వినలేదు. గార్డు దప్పికతో వాకిట నిలిచినచో, పుల్లరి ఇయ్యను గాని నీళ్లిచ్చెద ననుటకు రైతున కేమి యడ్డము?

ఆ జిల్లాలోనే పెదనందిపాడు ప్రాంతమున 1922 ఆరంభములో వేఱొక త్రోవ కానవచ్చెను. పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిలిపిరి, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. వంశపారంపర్యముగా వచ్చిన కొలువు పోవునని యెఱిఁగియే యిచ్చిరి. నష్టము మొదట తమ నెత్తినే పడెను. చౌరీచౌరా పిమ్మట గాంధీగారు ఫిబ్రవరిలో శాసనోల్లంఘనమును నిలుపఁగా ఈ పోరును ఆఁగిపోయెను. ఫలము దక్కకున్నను, అహింస యను పేరు దీనికిఁ దగినంతగా వెలికిఁ దగదని నా యభిప్రాయము.

దీనిచే పల్నాటివారి హక్కు తక్కువ కాదు. ఆ పుల్లరి పోరులోనే 1922వ సంవత్సరమున మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకికి బలియయ్యెను. ఆ గుండుదెబ్బకు ఏ వెలియు సాటి రాదు. ఆయనను స్మరించు సభలలో, నాఁడు కూలి పోఁగొట్టుకొన్న చాకలివారిని గూర్చి కూడ ఎవరైన నొకమాట యడుగవలసియున్నది.