దగ్గుతో ఉన్నవారు జమాఅత్‌కు రావాలా?

చలి ముదిరితే నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఇళ్ల కిటికీలే కాదు, మస్జిద్ కిటికీలూ మూసేస్తాం. అప్పుడు ఒకరి దగ్గు తుంపరల్లోని వైరస్ పంక్తిలోని పదిమందికి చేరుతుంది. యువకునికి అది నాలుగు రోజుల జ్వరం. పక్కనే నిలబడిన వృద్ధునికి న్యుమోనియా కావచ్చు.

జ్వరంలోనూ జమాఅత్ వదలలేదని కొందరు చెప్పుకుంటారు. సంకల్పం మంచిదే. కాని వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. వాసనతో తోటివారిని ఇబ్బంది పెట్టడమే తగదన్నప్పుడు, వ్యాధి అంటించడం ఎలా తగుతుంది?

సిరియా దారిలో ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగారు. దైవ విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక విధి నుంచి మరో విధి వైపే వెళ్తున్నామన్నారు. జాగ్రత్తపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. 2020 రమజాన్‌లో తరావీహ్ ఇళ్లలోనే చేసుకున్నాం, ఆరాధన ఆగలేదు.

తుమ్మేటప్పుడు ముఖానికి చేయో, వస్త్రమో అడ్డుపెట్టుకోవడం ప్రవక్త (సఅసం) సంప్రదాయం. వుజూతో సరిపెట్టుకోక చేతులు సబ్బుతో కడగండి. గదిలోకి గాలి రానివ్వండి. పెద్దలకు, షుగర్ ఉన్నవారికి ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. సొంతంగా కొని మింగకండి. ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

వ్యాధిగ్రస్తునికి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యమే రాయబడుతుందని హదీసు శుభవార్త ఇస్తోంది. కనుక ఇంట్లో నమాజ్ చేసుకున్న రోగి నష్టపోడు; అతని పక్కన నిలిచే వృద్ధుడూ క్షేమంగా ఉంటాడు. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.