తీసేసిన పేరా

నా పిహెచ్.డి. అంశం తెలుగు స్త్రీల కథల్లో మౌనం. భర్త వద్దనకముందే రాయడం మానేసిన ఆడవాళ్ళు, అత్తగారు చూడకముందే గొంతు తగ్గించుకున్న ఆడవాళ్ళు... ఆ పాత్రల గురించి మూడొందల పేజీలు రాశాను. ఎవరూ నోరు నొక్కని చోట నోరు మూసుకుపోవడమే ఆధిపత్యం సాధించిన అసలు విజయమని వైవాలో ధీమాగా చెప్పాను కూడా. ఆ పని నేనే చేశానని తెలియడానికి మరో ఆరేళ్ళు పట్టింది.

రెండేళ్ళ క్రితం కోస్తాలో ఒక చిన్న పట్నంలోని మహిళా కళాశాల వాళ్ళు సారా వ్యతిరేక ఉద్యమ సాహిత్యం మీద రెండు రోజుల సదస్సు పెట్టి నన్నూ పిలిచారు. ఖర్చులో చాలా భాగం ఒక ట్రస్టు ఇచ్చింది. ఆ ట్రస్టు ఎవరిదో అక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళదే, పెద్దాసుపత్రి వాళ్ళదే, బైపాస్ పక్కన వెంచర్లు వాళ్ళవే. ఆ ఇంటి అబ్బాయి ఒకాయన చట్టసభలో ఉన్నాడు. పుట్టిన బిడ్డ మొదటి టీకా దగ్గర్నుంచి వేసే ఓటు దాకా ఒక్క కుటుంబం గుమ్మాల్లోంచే నడవాలి. వాళ్ళ ఆస్తికి మొదటి మెట్టు 1980లలో పాడుకున్న సారా వేలంపాటలేనని పెద్దవాళ్ళు మామూలుగానే చెప్పుకుంటారు.

నా పత్రంలో ఒక పేరా ఉంది. ఉద్యమం తర్వాత సారా కాంట్రాక్టుల డబ్బు ఎక్కడికి పోయింది, కాలేజీలుగా, ఎన్నికల టిక్కెట్లుగా ఎలా మారింది, మన కథలు దాన్ని ఎందుకు వెంటాడలేదు అన్నది అందులో విషయం. ఎవరి పేరూ లేదు. సదస్సుకు ముందురోజు రాత్రి కన్వీనర్ ఫోన్ చేసి నా బస్సు ఎన్నింటికి వస్తుందో కనుక్కుంది. పెట్టేసేముందు, "ప్రారంభసభకి చైర్మన్ గారు కూడా వస్తున్నారు మేడమ్, మీ పత్రం అయ్యేదాకా ఉంటానన్నారు" అంది. అంతే. సంతోషంగానే అంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ పేరా తీసేశాను. సమయం చాలదని నాకు నేనే చెప్పుకున్నాను. పదిహేను నిమిషాల పత్రంలో అది ఒక్క నిమిషం.

మర్నాడు చప్పట్లు, శాలువా. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ రోజుల్లో సారా దుకాణాలు మూయించిన ఒక పెద్దామె నా పక్కన కూచుంది. "తాగింది మా మొగోళ్ళని చెప్పినావు. తన్నులు తినింది మేమని చెప్పినావు. అంతా బాగుండాది గానీ, అమ్మిందెవురో చెప్పకపోతివే!" అంది. నిష్ఠూరంగా కాదు, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. అని, మజ్జిగ పోయించుకుంది.

అమ్మిందెవరో వాళ్ళకు తెలుసు. దూబగుంట స్త్రీలు 1992లో కదిలినప్పుడు వాళ్ళ ఎదురుగా ఉన్నది అమూర్తమైన 'వ్యవస్థ' కాదు. ఫలానావాడి జీపు, ఫలానావాడి ప్యాకెట్లు, ఫలానా రోజున జరిగే వేలంపాట. అక్షరాస్యతా కేంద్రాల్లో చదువుకున్న పాఠాలతో బయల్దేరి, తాగే మొగుణ్ణి దాటి, అమ్మేవాడి దాకా, పాట పెట్టే ప్రభుత్వం దాకా నడిచారు. నెల్లూరులో వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని సడలించారన్నది వేరే కథ. వేరే కథ అని ఎందుకంటున్నాను? అదే కథ. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాల కోసం లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని రుసుము రెండు లక్షలు. దుకాణం తెరవకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటి వచ్చింది. వేలంపాట పోయి లాటరీ వచ్చింది. లాటరీకి అడ్డంగా ఎవరు కూచుంటారు?

కనిపించకపోవడమే డబ్బుకున్న పెద్ద బలమని నాకిప్పుడు అనిపిస్తోంది. ఎన్నికల బాండ్ల సంగతి చూడండి. కంపెనీలు తమ సగటు లాభాల్లో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితిని 2017లో ఎత్తేశారు. మరుసటి ఏడు బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో కొని నచ్చిన పార్టీకి ఇవ్వొచ్చు. కొన్నదెవరో మనకు తెలియదు. సామాన్యుల కోసమన్నట్టు వెయ్యి రూపాయల బాండు కూడా పెట్టారు గానీ, అమ్ముడైన విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. పార్టీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో అంతా తెలుసుకునే హక్కు పౌరులకు లేదని కేంద్రం కోర్టులో వాదించింది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేశాక, మార్చిలో పేర్లు బయటికొచ్చాయి. కొన్నవాళ్ళలో రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. మన సాగునీటి ప్రాజెక్టుల దగ్గర చదివిన పేరే. అందుకున్నవాళ్ళలో అందరికన్నా ముందు బి.జె.పి. మన దగ్గర బి.ఆర్.ఎస్.కు వెయ్యి కోట్లు దాటాయి, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, తెలుగుదేశం పార్టీలకు వందల కోట్లు. ఇలా ఇచ్చిపుచ్చుకోవడాన్ని అప్పటి చట్టమే అనుమతించింది. నన్ను కలవరపెడుతున్నదీ అదే.

మా అమ్మ దీన్ని ఒప్పుకోదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఆస్తి, 5,700 కోట్లకు పైగా, ప్రకటించిన అభ్యర్థి గుంటూరు నుంచి నిలబడి గెలిచారు. టీవీలో ఆ అంకె చూసి అమ్మ, "అన్ని కోట్లున్నవాడికి మన సొమ్ముతో పనేముందే? తినేవాళ్ళకంటే నయం కదా" అంది. ఈ మాట ఆ ఒక్క అభ్యర్థి గురించే కాదు, ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరి గురించి వింటాం. ఇందులో లోకానుభవం ఉంది, కొట్టిపారేయలేను. కానీ అమ్మ అడుగుతున్నది తినేవాడా కాదా అని మాత్రమే. తినకపోయినా, వడ్డించేవాడు అతనే, ఎవరికెంతో నిర్ణయించేది అతనే అయితే? మన ఇళ్ళల్లో 'మంచి' భర్త గురించి మనమిదే మాట అనుకునేవాళ్ళం. కొట్టడు, తాగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఆ పెట్టే చెయ్యి గురించే కదా స్త్రీవాదం ప్రశ్నించడం మొదలుపెట్టింది.

మైకేల్ వాల్జర్ 1983లో రాసిన 'స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్'లో, డబ్బు బజారులో డబ్బుగా ఉన్నంతవరకూ పెద్ద ప్రమాదం లేదంటాడు. అది గట్టు దాటి పదవిని, చదువుని, గౌరవాన్ని కొనడం మొదలుపెట్టినప్పుడే అన్యాయమంటాడు. ఆ గట్లు ఎక్కడున్నాయో సమాజం తనలో తాను పంచుకున్న అర్థాలే చెబుతాయని ఆయన నమ్మకం. సుసాన్ మోలర్ ఓకిన్ 1989లో అక్కడే పట్టుకుంది: ఆధిపత్యం ఉన్నచోట ఆ అర్థాలను నిజంగా పంచుకున్నది ఎవరని. సదస్సు రాత్రి నేను చేసినదాన్ని ఆమె ప్రశ్న ముందు పెట్టి చూస్తే, నాకూ చైర్మన్ గారికీ మధ్య ఒక అర్థం చక్కగా కుదిరిపోయి ఉంది. ఆయన అడగలేదు, నేను కాదనలేదు. డబ్బు గట్టు దాటుతున్నప్పుడు కాలువ తవ్వింది నేనే.

అయితే ఆ డబ్బు తీసుకోకుండా ఉండాల్సిందా? అంత సులువుగా అనలేను. ప్రభుత్వ నిధులు అందక ఆ కళాశాలలో నాలుగేళ్ళుగా ఏ సదస్సూ జరగలేదు. పల్లెల నుంచి వచ్చిన విద్యార్థినులు మొదటిసారి మైకు ముందు నిలబడ్డారు. ఆ భోజనం నేనూ తిన్నాను, దారిఖర్చులు సంతకం పెట్టి తీసుకున్నాను. గంటల లెక్కన జీతం తీసుకునే నాకు అవి అక్కరకొచ్చాయి. ఉపకారం పొందినప్పుడు కృతజ్ఞత ఉండడం తప్పు కాదు. కానీ కృతజ్ఞత ఒక మనిషికి చెప్పేది. ఒక నిజాన్ని దానికి బదులుగా ఇవ్వాలంటే, ఆ నిజం ముందు నాదై ఉండాలి కదా? అమ్మిందెవరన్న మాట నాది కాదు, మజ్జిగ పోయించుకున్న ఆ పెద్దామెది. ఆమె సొత్తు నేను చెల్లించి వచ్చాను.

ఈ నెల కన్వీనర్ సదస్సు సంకలనం కోసం వ్యాసం అడిగింది. పేరా తిరిగి పెట్టాను. సారా పాటల గురించి మరో రెండు వాక్యాలు చేర్చాను. పంపబోయేముందు చెయ్యి ఆగింది. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా పొడిగించాలి. సంకలనం మొదటి పేజీలో చైర్మన్ గారి ఫొటో, సందేశం ఉంటాయట. నా ధైర్యానికి ఖరీదు కట్టేది నేను కాదు, ఆమె. ఫోన్ చేసి పేరా అంతా చదివి వినిపించాను. ఇష్టం లేకపోతే నా వ్యాసమే వదిలేయమని, పేరా మాత్రం తియ్యొద్దని చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మమ్మ కూడా ఆ పాటలకి అడ్డంపోయింది మేడమ్" అంది. రెండు రోజులు టైమివ్వమంది. ఇవాళ ఐదో రోజు.